పవర్ టిల్లరులో గేరు జారడం: కారణాలు, మరమ్మతు క్రమం

ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• గేరు తనంతట తానే ఎందుకు బయటికి వస్తుందో వివరించగలుగుతారు.
• గేరుబాక్సు విప్పకముందే లోపం ఎక్కడుందో అంచనా వేయగలుగుతారు.
• మరమ్మతు క్రమాన్ని చెప్పగలుగుతారు.

1. సమస్య

అనకాపల్లి జిల్లా, నక్కపల్లి మండలంలోని రాజయ్యపేట సముద్రతీర గ్రామం. ఈ ప్రాంతంలో పవర్ టిల్లరు ఒక పూట దమ్ము చేస్తే, మరో పూట ట్రాలీ లాగవలసి రావచ్చు. దమ్ములో గేరు జారితే పని ఆగుతుంది. బరువు ట్రాలీతో వాలు దిగేటప్పుడు జారితే ఇంజను చక్రాలను అదుపు చేయలేదు. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. లీవరును చేత్తో నొక్కిపట్టి నడపడం పరిష్కారం కాదు. దానివల్ల ఫోర్కు మరింత అరుగుతుంది.

2. గేరును నిలిపేది ఏది?

పవర్ టిల్లర్లలో ఎక్కువగా ఉండేది జరిగే గేర్ల పద్ధతి. 1890లలో ఫ్రాన్స్‌లో పాన్‌హార్డ్-లెవాస్సార్ కార్లలో ఇలాంటి అమరికనే వాడారు. గాళ్లున్న షాఫ్టు మీద గేరును ఫోర్కు పక్కకు జరిపి, మరో గేరు పళ్లతో కలుపుతుంది. ఫోర్కు కడ్డీ మీద ఉన్న గాటులో ఒక బాలు, స్ప్రింగు బలంతో కూర్చుంటుంది.

బరువు పడినప్పుడు గేరును నిలిపేది స్ప్రింగే అని చాలామంది అనుకుంటారు. నిజానికి పళ్ల ముఖాలు తిన్నగా ఉంటే బలం షాఫ్టుకు అడ్డంగా పనిచేస్తుంది. గేరు పక్కకు కదలదు. పళ్లు వాలుగా అరిగితే ఆ బలంలో కొంత షాఫ్టు వెంబడి తోస్తుంది. తడి చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే జారిపోయినట్టే గేరూ జారుతుంది. బరువు పెరిగేకొద్దీ తోపు పెరుగుతుంది. అందుకే గట్టి స్ప్రింగు వేస్తే లోపం కొన్నాళ్లు దాగుతుందే తప్ప పోదు.

పచ్చిక కోసే కొన్ని సీటు మోవర్లలో గేర్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి. షాఫ్టు గాడిలో జరిగే కీలు కావలసిన గేరును పట్టుకుంటాయి. కీల మూలలు గుండ్రబడితే అక్కడా ఇదే ఫలితం.

3. లక్షణాన్ని బట్టి గుర్తింపు

• అన్ని గేర్లూ జారుతుంటే: ముందుగా లీవరు, లింకులు చూడాలి. తీరప్రాంతపు ఉప్పుగాలికి ఇవి తుప్పుపట్టి బిగుసుకుంటాయి. ఆ తరువాత బేరింగులు.
• ఒక్క గేరే జారుతుంటే: దాని పళ్లు, ఫోర్కు.
• గేరు వేసినప్పుడు 'టిక్'మని కూర్చున్నట్టు చేతికి తెలియకపోతే: బాలు, స్ప్రింగు, గాటు.
• లాగేటప్పుడు మాత్రమే జారితే పళ్లకు ఒక వైపు, వాలు దిగేటప్పుడు మాత్రమే జారితే రెండో వైపు అరుగుదల ఉండవచ్చు.

4. మరమ్మతు క్రమం

ఇంజను ఆపి, బండిని సమనేల మీద నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. ఖర్చు తక్కువైన పని నుంచి ఎక్కువైన దానికి వెళ్లాలి.

(అ) లింకులను శుభ్రం చేసి సరిచేయాలి. గేరు సగమే పడుతుంటే పళ్ల అంచుల మీదే బరువంతా పడుతుంది.
(ఆ) స్ప్రింగు, బాలు పరీక్షించాలి.
(ఇ) ఆయిలు దించి అయస్కాంతంతో చూడాలి. ఇనుప ముక్కలు కనిపిస్తే లోపల విప్పక తప్పదు.
(ఈ) వంగిన లేదా అరిగిన ఫోర్కును, వదులైన బేరింగులను మార్చాలి.
(ఉ) పళ్లు గుండ్రబడితే గేర్లను జతగా మార్చాలి. వెల్డింగు చేసి అరగదీయకూడదు. పంటి పైపొరకే గట్టిదనం ఉంటుంది. వేడికి అది పోతుంది.
(ఊ) షిమ్ములు ఎక్కడివి అక్కడే పెట్టి, తయారీదారు చెప్పిన ఆయిలు పోయాలి.

5. అసలు కారణం

పళ్లు గుండ్రబడటానికి చాలాసార్లు మూలం క్లచ్చు. అది పూర్తిగా విడవకపోతే గేరు వేసిన ప్రతిసారీ పళ్లు గీరుకుంటాయి. క్లచ్చు సరిచేయకుండా కొత్త గేర్లు వేస్తే అవీ అదే దారి పడతాయి. రైతు అదే ఖర్చు మళ్లీ పెట్టుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గట్టి స్ప్రింగు వేయడం శాశ్వత పరిష్కారం ఎందుకు కాదు?
2. మీకు తెలిసిన ఒక పవర్ టిల్లరులో రెండో గేరు మాత్రమే, అదీ బరువు లాగేటప్పుడే జారుతోంది. మీరు ఏ భాగాలను, ఏ వరుసలో పరీక్షిస్తారు?