డైలాగులు తర్వాత.. ముందు ఆట!

వార్షికోత్సవం దగ్గరపడిందంటే చాలు.. హైస్కూల్లో హడావుడి మొదలవుతుంది. గలగలా మాట్లాడే నలుగురిని టీచరు ఎంపిక చేస్తారు. డైలాగులు బట్టీ పట్టిస్తారు. చెయ్యి ఎప్పుడెత్తాలో, ఎక్కడ ఏడవాలో తానే చేసి చూపిస్తారు. వెనక బెంచీ వాళ్లకు దక్కేది కుర్చీలు మోసే పని. మైకు ముందు మయసభ దుర్యోధనుడు గర్జిస్తాడు. చప్పట్లు మోగుతాయి. మళ్లీ ఏడాది దాకా నాటకం ఊసే ఉండదు. నిజానికి నాటకం అవసరం ఎవరికి? నలుగురిలో నోరు విప్పలేక కుర్చీలు మోసిన ఆ కుర్రాడికే!

శిష్యులతోనే శ్రీకారం

ఆధునిక తెలుగు నాటకం తొలి అడుగులు వేసింది విద్యార్థులతోనే. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన శిష్యులతో నాటకం ఆడించారు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నాం. సంగీతం, నృత్యం, చిత్రలేఖనంతోపాటు నాటకాన్నీ బడి చదువులో భాగం చేయాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం సిఫార్సు చేసింది. కానీ పదో తరగతికి వచ్చేసరికి ఆటల పీరియడే లెక్కల పీరియడ్ అయిపోతోంది. ఇక నాటకానికి చోటెక్కడిది?

ఆడుతూ.. నటిస్తూ..

‘ఇలా ఏడువు’ అని చెబితే పిల్లలు బిగుసుకుపోతారు. అదే ఓ ఆట అప్పగిస్తే, చూసేవాళ్లున్నారన్న సంగతే మరచిపోతారు. అమెరికాలోని షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేసిన వయొలా స్పోలిన్ దారి ఇదే. ఆమె రూపొందించిన ఆటలు 1963లో పుస్తకంగా వచ్చాయి. మన తరగతి గదిలోనూ ఇలాంటివి ఆడించొచ్చు.

అద్దం: ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు నెమ్మదిగా కదిలితే, రెండోవారు అద్దంలో బొమ్మలా అలాగే చేయాలి. ఎదుటివారిని గమనించడం అలవాటవుతుంది.

లేని చేద: బావి లేదు, తాడు లేదు. అయినా నీళ్లు తోడాలి. చేద బరువు చూసేవాళ్లకు తెలియాలి.

కదలని బొమ్మలు: అయిదుగురు కలిసి బస్టాండునో పెళ్లిపందిరినో చూపిస్తూ కదలకుండా నిలబడాలి. టీచరు భుజం తట్టినవారు ఆ పాత్రగా ఒక్క మాట చెప్పాలి. మొహమాటస్తులకు ఆ ఒక్క మాటే పెద్ద గెలుపు!

గొంతు: గది చివరి గోడ దగ్గరున్న స్నేహితుడికి అరవకుండా కబురు చెప్పాలి. నిండుగా ఊపిరి తీసుకుని, మాటను చివరి అక్షరం దాకా పలికితేనే అది సాధ్యం.

కన్యాశుల్కం ఇలా..

ఇవి అలవాటయ్యాక నాటకంలోకి వెళ్లొచ్చు. ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేయించి, లుబ్ధావధాన్లుకు పెళ్లికూతురిగా చూపిస్తాడు. పుస్తకం తెరవకముందే ఈ పరిస్థితి చెప్పి, సొంత మాటల్లో ఆడమనండి. దొరికిపోతానేమోనన్న శిష్యుడి భయం, డబ్బు దగ్గర ముసలాయన బేరం.. పిల్లలకే తోస్తాయి. పాత్రలు మార్చి మళ్లీ ఆడించండి. ఆ తర్వాత గురజాడ మాటలు చదివితే, అవి బట్టీ పట్టాల్సిన పాఠంలా అనిపించవు. పెద్దవయసు వరుడికి పిల్లనిచ్చే ఆ బేరం ఎంత ఘోరమో కూడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇవి మరవొద్దు

పిల్లల ఇంటి కష్టాలను స్టేజీ మీదకు లాగొద్దు. ‘మీ ఇంట్లో జరిగింది చెయ్యి’ అనకుండా కల్పిత పాత్ర ఇవ్వండి. లావుగా ఉన్నవాడికి ఎప్పుడూ హాస్యపాత్ర, తెల్లగా ఉన్న అమ్మాయికే రాణి వేషం.. ఈ పద్ధతి మానాలి. సినిమా హీరోలా చేయమని అడగొద్దు. తడబడితే నవ్వకూడదన్నది మొదటి రోజే అందరూ ఒప్పుకోవాల్సిన నియమం. ఇష్టంలేని వారికి చూస్తూ కూర్చునే వీలుండాలి. రెండు వారాలు చూసినవారే మూడోవారం లేచి రావచ్చు.

ఇందుకు తెరలు, అద్దె కిరీటాలు అక్కర్లేదు. వారానికో పీరియడ్, బల్లలు పక్కకు జరిపిన గది చాలు. రేపు ఇంటర్వ్యూ గదిలోనో, ఆస్పత్రిలో డాక్టరు ముందో, అన్యాయం ఎదురైన చోటో ఆ పిల్లలు తమ మాట తాము చెప్పుకోగలిగితే, ఆ పీరియడ్ వృథా కానట్టే!