నలభై శాతం వాన అంటే ఎన్ని బరకాలు?

ఆదివారం రాత్రి మా అమ్మ ఫోన్ చేసిందంటే, ఈ సీజన్‌లో "తిన్నావా" కంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఈ వారం వాన పడతాదేటిరా? నీ ఫోన్ ఏటంటోంది?"

నేను విశాఖలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఇల్లు మాత్రం ముంచింగిపుట్టు మండలంలో, ఒడిశా సరిహద్దు పక్కన, జోలాపుట్టు రిజర్వాయర్ వైపు. మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే గట్టు ఎక్కాలి. అందుకే మా ఇంటికి వాతావరణ శాఖ నేనే.

పోయినేడాది ఇదే టైంలో ఆ శాఖ ఫెయిలైంది. యాప్‌లో "వర్షం 40 శాతం" అని ఉంది. సగం కంటే తక్కువే కదా అనుకుని "పర్లేదమ్మా, ఆరబెట్టేయ్" అన్నాను. మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మేసింది. అమ్మ అప్పటికి కొండ మీద తోటలో ఉంది. పరుగెత్తుకొచ్చేసరికి ఇంటి ముందు ఆరబెట్టిన చింతపండు తడిసి ముద్దయిపోయింది. చెట్టు దులిపి, పెంకు కొట్టి, గింజ తీసి... అంతా మూడు వారాల పని. నల్లబడిన సరుకు సంతలో ఎంతకి పోయిందో అమ్మ చెప్పలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచే వారం సూచనని ఎలా చదవాలో నేర్చుకోవడం మొదలుపెట్టాను. మీ ఇల్లూ కొండ మీదే ఉంటే, ఇది మీకూ పనికొస్తుంది.

ఒకే వాన, రెండు లెక్కలు

ఇదే వాన కోసం మా నాన్న ఎదురుచూస్తుంటాడు. మాది సిల్వర్ ఓక్ నీడలో పెరిగే అరబికా కాఫీ. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే రకం. మార్చి, ఏప్రిల్‌లలో కొమ్మల మీద మొగ్గలు నిద్రపోతున్నట్టు ఉంటాయి. ఓ అంగుళం వాన గట్టిగా పడితే లేస్తాయి. ఎనిమిది, పది రోజుల్లో తోటంతా తెల్లగా పూస్తుంది, మల్లెతోటలో ఉన్నట్టే వాసన. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో ఇంకో వాన పడితే పిందె నిలబడుతుంది. చినుకులు పడి ఆగిపోతే మాత్రం పూత సరిగ్గా విచ్చుకోదు. నవంబర్‌లో కోసే పండు ఎంతన్నది చాలావరకు ఇప్పుడే తేలిపోతుంది.

అంటే ఒకే 40 శాతం నాన్నకి ఆశ, అమ్మకి భయం. నేను చేసిన తప్పు ఏంటంటే ఆ అంకెని మాత్రమే చూశాను. అలాంటి రోజులు పది వస్తే నాలుగు రోజులు వాన పడుతుందని దాని అర్థం. బరకం కప్పడానికి పట్టేది పది నిమిషాలు. కప్పకపోతే పోయేది మూడు వారాల కష్టం. ఈ లెక్కన 20 శాతం ఉన్నా కప్పాల్సిందే!

ఫోన్‌కి మా కొండ కనిపించదు

వాతావరణ మోడల్ భూమిని గళ్లుగా కోసి లెక్కలేస్తుంది. 2025 మే నెలలో మన దేశం మొదలుపెట్టిన 'భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్'లో ఒక్కో గడి సైజు 6 కిలోమీటర్లు. అంతకు ముందు 12 ఉండేది. చాలా మంచి మార్పే. కానీ మా దగ్గర 6 కిలోమీటర్లలో ఒక కొండ, ఒక లోయ, మళ్లీ ఇంకో కొండ ఉంటాయి. వాటన్నిటికీ కలిపి ఒకటే అంకె. ఫొటోని బాగా జూమ్ చేస్తే ముఖం పోయి చతురస్రాలు మిగులుతాయి చూడండి, అలా అన్నమాట.

ఉష్ణోగ్రతా అంతే. వెయ్యి మీటర్లు పైకెళ్తే సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. మీ యాప్ దగ్గర్లోని కింది ఊరి లెక్క చూపిస్తుంటే, అది మీ ఇంటి లెక్క కాదు.

"ఒకటి లేక రెండు చోట్ల"

వాతావరణ శాఖ బులెటిన్‌లో ఈ మాట చూసి "ఏదో తప్పించుకోడానికి రాశారు" అనుకునేవాణ్ని. కాదు, దానికో కొలత ఉంది. ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పావు వంతు లోపు వాన పడొచ్చని అర్థం. "కొన్ని చోట్ల" అంటే పావు నుంచి సగం దాకా. నాన్న ఆశ పెట్టుకోవాల్సింది రెండో మాట వచ్చినప్పుడు.

రంగులకీ అర్థముంది. పసుపు అయితే గమనిస్తూ ఉండాలి, నారింజ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపు అయితే వెంటనే పని మొదలుపెట్టాలి. ఇంకోటి, వారం సూచనలో మొదటి రెండు మూడు రోజుల మీదున్న నమ్మకం ఆరో రోజు మీద పెట్టుకోకండి. మూడు గంటల ముందు ఇచ్చే హెచ్చరికలు వేరే ఉంటాయి. వారం సూచన చూసి పనులు ప్లాన్ చేసుకోండి, మూడు గంటల సూచన చూసి బరకం తీయండి.

మూడింటి మబ్బు

ఈ నెలల్లో మా దగ్గర ఉదయం ఆకాశం అద్దంలా ఉంటుంది, అదే మోసం. ఎండకి నేల కాగుతుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి కొండల్ని ఎక్కుతూ చల్లబడి, మధ్యాహ్నానికి మబ్బు గోపురంలా లేస్తుంది. సాయంత్రంలోపు ఉరుములు, ఈదురుగాలి, ఒక్కోసారి వడగళ్లు.

చింతపండు పోతే వచ్చే ఏడాది మళ్లీ కాస్తుంది. పిడుగుతో అలా కాదు. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగులకి మనుషుల ప్రాణాలు పోయాయి.

పుణెలోని ఐఐటీఎం తయారు చేసిన 'దామిని' యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పడుతున్న పిడుగుల్ని చూపిస్తుంది. కానీ సిగ్నల్ ఉండాలి కదా! లేకపోతే అంకెలు లెక్కపెట్టండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లని మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ముప్పై లోపు ఉంటే పక్కా ఇంట్లోకి వెళ్లిపోండి. చెట్టు కిందకి వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి. కాఫీ తోటంటేనే చెట్లు కాబట్టి, మబ్బు లేచిన వెంటనే దిగిపోవడం ఒక్కటే దారి.

ఈ ఆదివారం అమ్మకి శాతాలు చెప్పలేదు. "పన్నెండింటి దాకా ఆరబెట్టు. ఒంటిగంటకి కప్పేయ్. రెండింటికల్లా ఇద్దరూ తోట దిగిపోండి" అన్నాను.

"ఎండుంటే కూడానా?"

"ఎండున్నా సరే."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "మిరియాలు కూడా ఆరబెట్టాలి, ఒక బరకం చాలదు" అంది. సంతలో రెండోది కొనమని అప్పుడే డబ్బులు పంపించాను.