దేశదేశాల కథలు – కలిసి చదవడం ఎట్లా?



పరాయి దేశపు నవల చేతికిస్తే మనలో చాలామంది రెండు పేజీలు తిప్పి మూసేస్తారు. పేర్లు నోరు తిరగవు, ఊర్లు తెలియవు. ఒక్కరే చదివితే కష్టమే. ఒకరు పైకి చదువుతుంటే పదిమంది చుట్టూ కూచోని వింటే అంత కష్టముండదు. ఇది కొత్త పద్ధతేం కాదు. 1883లో కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమంలో తిరిగిన రోజుల్లో, చదువొచ్చిన ఒకరు పత్రిక పైకి చదివితే రానివాళ్లు వినేవాళ్లు.

ఇంగ్లీషు రాదని దిగులు వద్దు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఎన్నో పుస్తకాలను తెలుగులోనే అచ్చువేసి చౌకగా పంపేవి. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయాక అవి ఆగిపోయినాయి గానీ పాత ప్రతులు లైబ్రరీల్లో ఇంకా దొరుకుతాయి.

మొదట చదవాల్సింది, నన్నడిగితే, చింగీజ్ ఐత్‌మాతొవ్ రాసిన ‘తొలి ఉపాధ్యాయుడు’. 1962 నాటి కథ. కిర్గిజ్ దేశంలో గొర్రెలు, గుర్రాలు మేపుకునే ఒక కొండపల్లె. 1924లో దుయిషేన్ అనే యువకుడు అక్కడికొచ్చి పాత గుర్రాల కొట్టాన్ని బాగుచేసి బడి పెడతాడు. తనకొచ్చిన చదువూ అంతంతమాత్రమే. చలికాలంలో చిన్నపిల్లల్ని వీపున మోసుకొని వంక దాటిస్తుంటే గుర్రాల మీద పోయేవాళ్లు చూసి నవ్వుతారు. ఆల్తినాయ్ అనే తల్లిదండ్రులు లేని పిల్ల, పొయ్యిలోకని ఏరిన పేడ సంచిని బడిలో వెచ్చదనం కోసం అక్కడే కుమ్మరించి పోతుంది. ఇంట్లో తిట్లు తప్పవని తెలిసి కూడా!

ఇక్కడ పుస్తకం ఆపాల. మన ఊర్లో పేడ ఎత్తేదెవరు, కట్టెలకు పోయేదెవరు, ఆ పొద్దు బడి మానేదెవరు? ఎవరికి తోచింది వాళ్లు చెప్పాల.

తర్వాత పిన్నమ్మ ఆ పిల్లను పదిహేనేండ్లకే ఒకనికి రెండో పెండ్లానిగా అంటగడుతుంది. ఇక్కడ గబగబా పేజీ తిప్పొద్దు. సెలవులకు ఇంటికి పోయి మళ్లీ రాని అక్కల సంగతి మనకు తెలియనిది కాదు. “మీ ఇంట్లో ఏమనుకుంటున్నారు?” అని అడిగితే ఏ పిల్లా నోరు విప్పదు. “ఆల్తినాయ్ ఏం చేసిండాల?” అని అడగండి, చెప్తుంది. దూరదేశపు కథతో ఉన్న లాభం ఇదే. మన పేరు బయట పెట్టకుండా మన మాట చెప్పుకోవచ్చు.

రెండోది, అమెరికా రచయిత అలెక్స్ హేలీ 1976లో తెచ్చిన నవల. సహవాసి గారు ‘ఏడు తరాలు’ పేరుతో తెలుగు చేశారు. ఆఫ్రికాలోని గాంబియాలో, డోలు చేసుకోను కట్టె కోసం అడవికి పోయిన కుంటా కింటేను పట్టుకొని అమెరికాలో బానిసగా అమ్ముతారు. ‘టోబీ’ అని పేరు మారుస్తారు. అతను లోపల ఒప్పుకోడు. తన భాష మాటలు కొన్ని కూతురికి నేర్పుతాడు, అవి తరతరాలుగా నోటినుంచి నోటికి వస్తాయి. హేలీ ఆ కథలు విన్నది తన అవ్వ దగ్గరే. (చరిత్రకారులు కొన్ని సంగతులు సరిపోలేదన్నారు, కాబట్టి నవలగానే చదవాల.) బడిలో చేర్చేటప్పుడు పలకను రాక మార్చి రాసిన పేర్లు మనలో ఎన్ని ఉన్నాయో ఆ రోజు లెక్క తీయండి.

పేర్లు గుర్తుండకపోతే ఒక చార్టు మీద ఎవరు ఎవరికి ఏమవుతారో రాసి గోడకు అంటించండి. ఒకరే చదవకుండా రోజుకొకరు చదవండి, తప్పులు పోతే నవ్వొద్దు. చదివిన భాగాన్ని సుగాలి పిల్లలు సుగాలిలో మళ్లీ చెప్పాల. ఐత్‌మాతొవ్ కూడా కిర్గిజ్, రష్యన్ రెండు భాషల్లోనూ రాసినవాడే.