పొడుగునా కోత, అడ్డంగా కుట్టు

మా మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే బ్యాగు కుర్చీలో పడేసింది. "తాతయ్యా, మా క్లాసబ్బాయికి క్రోన్స్ జబ్బట. ఆపరేషన్ చేసి పేగు తీసేస్తారట. పేగు లేకుండా ఎలా బతుకుతాడు?"

"అంతా తియ్యరు గానీ, ముందు మీ నాయనమ్మ కుట్టుమిషను సొరుగులోంచి టేపు పట్రా" అన్నాను.

కుట్టుపని టేపు 150 సెంటీమీటర్లు. మనిషికీ మనిషికీ తేడా ఉన్నా, మన చిన్నపేగు సుమారు 6 మీటర్లు. టేపు నాలుగుసార్లు పరిచేసరికి పిల్ల హాలు దాటి అరుగు మీద తేలింది. కొంచెం అటూ ఇటూగా ఓ చీర పొడుగన్నమాట. చీరలాగే అదీ మడతలు పడి పొట్టలో సర్దుకుని ఉంటుంది. అందులో 2 మీటర్ల కన్నా తక్కువ మిగిలితే తిన్నది ఒంటికి పట్టడం కష్టం. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

క్రోన్స్ జబ్బు నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఎక్కువగా చిన్నపేగు వెళ్లి పెద్దపేగులో కలిసే చోట తిష్ఠ వేస్తుంది. ఒంటిని కాయాల్సిన రక్షణ వ్యవస్థే పేగు గోడ మీదికి తిరగబడుతుంది. గోడ మందమంతా వాస్తుంది, మానుతుంది, మళ్లీ వాస్తుంది. మానిన ప్రతిసారీ మచ్చ గట్టిపడి పేగు లోపలి దారి సన్నబడుతుంది. అన్నం తిన్న కాసేపటికి మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు. వాపును మందులు తగ్గిస్తాయి. గట్టిపడిన మచ్చను మాత్రం కరిగించలేవు. కత్తి అవసరం పడేది ఎక్కువగా అక్కడే. పేగు చిల్లుపడి చీము చేరినా, పక్క అవయవంలోకి దారి తొలుచుకున్నా కూడా తప్పదు.

ఈ జబ్బును 1913లోనే గ్లాస్గోలో డాల్జీల్ అనే సర్జన్ వర్ణించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1932లో న్యూయార్క్ మౌంట్ సినాయ్ ఆసుపత్రి నుంచి క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగుల గురించి వ్యాసం రాశారు. ఆ రోగులకు ఆపరేషన్లు చేసిన బెర్గ్, రాసింది నేను కాదు కదా అని తన పేరు వద్దన్నాడట. పేర్లు అక్షర క్రమంలో వేశారు కాబట్టి ఆయన సరేనంటే ఇవాళ ఇది బెర్గ్ జబ్బయ్యేది. కత్తి పట్టని వైద్యుడి పేరు నిలిచింది, కత్తి పట్టినాయన పేరు మరుగున పడింది. నాకెందుకో ఇది అన్యాయంగానే తోస్తుంది.

1956 జూన్‌లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు ఈ జబ్బుతోనే పేగు మూసుకుపోతే అర్ధరాత్రి దాటాక ఆపరేషన్ చేశారు. జబ్బు పడ్డ భాగాన్ని కదపకుండా, పై పేగును తెచ్చి పెద్దపేగుకు కలిపి పక్కదారి వేశారు. ఆయన నవంబరులో ఎన్నికలూ గెలిచాడు. కానీ వదిలేసిన చోట జబ్బు రగులుతూనే ఉండేది, క్యాన్సర్ భయమూ ఉండేది. అందుకని రానురాను పక్కదారులు మానేసి, చెడ్డ ముక్క తీసేయడం మొదలుపెట్టారు. కొందరు క్యాన్సర్‌కు కోసినట్టు చుట్టూ బాగున్న పేగు కూడా దండిగా తీసేవారు. అయినా కొన్నాళ్లకు, మిగిలిన కొసలు కలిపిన అతుకు దగ్గరే జబ్బు మళ్లీ మొలిచేది. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు కొందరికి జబ్బు అంచు నుంచి 2 సెంటీమీటర్లు, కొందరికి 12 సెంటీమీటర్లు వదిలి కోసి చూశారు. 1996లో ఫలితం చెప్పారు: పెద్ద తేడా లేదు. 2 సెంటీమీటర్లంటే బొటనవేలి వెడల్పు. అంతకు మించి కోసిందంతా దండగే!

అసలు కొయ్యకుండానే పని జరిగితే? నాయనమ్మ పక్కన పడేసిన పాత చొక్కా చెయ్యి ఒకటి తీశాను. మధ్యలో బిగుతుగా ఉంది. బిగుతున్న చోట పొడుగునా చీల్చి, చీలిక రెండంచుల నడుములూ పట్టుకుని చెరోవైపు లాగితే చీలిక అడ్డం తిరిగింది. "ఇప్పుడు దీన్నిలాగే అడ్డంగా కుట్టెయ్" అన్నాను. చెయ్యి కాస్త పొట్టిదైంది, దారి వెడల్పైంది. పిసరంత గుడ్డ కూడా పోలేదు. యూరప్‌లో హైనెకె, మికులిచ్ అనే సర్జన్లు జీర్ణాశయం మూతికి 1880ల్లోనే చేసిన పనిది. పేగు క్షయతో సన్నబడ్డ చోట్లకు 1977లో మన దేశపు సర్జన్ కటారియా, ఆయన బృందం దీన్ని వాడి ప్రచురించారు. 1982లో ఆక్స్‌ఫర్డ్‌లో లీ అనే సర్జన్ క్రోన్స్‌కు వాడినట్టు రాశాడు. మన క్షయ రోగుల పేగు నేర్పిన పాఠం అక్కడ పనికొచ్చింది. ఒకే మనిషికి నాలుగైదు చోట్ల బిగుతు ఉంటే ఇంతకంటే మంచి ఉపాయం లేదు. బిగుతు మరీ పొడవైతే కుట్టే పద్ధతులు వేరే ఉన్నాయి.

మన దగ్గర ఇంకో చిక్కుంది. పేగు క్షయ, క్రోన్స్ రెండూ ఎక్కువగా చిన్నపేగు పెద్దపేగులో కలిసే ఆ మూలనే చేరతాయి, చూపుకు కవలల్లా ఉంటాయి. క్రోన్స్ అనుకుని రక్షణ వ్యవస్థను అణిచే మందులిస్తే క్షయ విజృంభిస్తుంది. అందుకే డాక్టర్లు పరీక్షల మీద పరీక్షలు రాస్తుంటే విసుక్కోకూడదు.

"అయితే మందులన్నీ అయిపోయాకే ఆపరేషనా తాతయ్యా?" అంది. చాలామంది అలాగే అనుకుంటారు. కానీ చిన్నపేగు చివర కొద్దిమేర మాత్రమే జబ్బున్న వాళ్లను నెదర్లాండ్స్, బ్రిటన్‌లలో రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రక్షణ వ్యవస్థను అణిచే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్, రెండో జట్టుకు లాప్రోస్కోపీ ఆపరేషన్ ఇచ్చి చూశారు. ఏడాదికి రెండు జట్ల బతుకూ ఇంచుమించు ఒకలాగే ఉంది. అయిదేళ్లు దాటి చూస్తే, ఇంజెక్షన్ జట్టులో దాదాపు సగంమందికి చివరికి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ జట్టులో రెండోసారి పేగు తీయాల్సి వచ్చినవాళ్లు లేరు, అలాంటి ఇంజెక్షన్ అవసరపడినవాళ్లు నాలుగోవంతు మంది.

అలాగని ఆపరేషన్‌తో జబ్బు వదిలిపోదు. సిగరెట్ తాగేవాళ్లకు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. చిన్నపేగు చివరి భాగం పోతే విటమిన్ బి12 ఒంటికి సరిగా పట్టకపోవచ్చు, ఇంజెక్షన్లు తీసుకోవాల్సి రావచ్చు. ఆరు నెలల నుంచి ఏడాది లోపు కొలనోస్కోపీతో అతుకు చూపించుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ జరిగితే, ఎన్ని సెంటీమీటర్ల పేగు తీశారో, ఎంత మిగిలిందో డిశ్చార్జి కాగితంలో రాయించి భద్రంగా దాచండి. మళ్లీ కొయ్యాల్సి వస్తే సర్జన్ మొదట అడిగేది ఆ లెక్కే.