వేటాడిన అడవి జంతువుల మాంసం: వండితే నిరపాయమేనా?

నంద్యాల జిల్లా నందికొట్కూరు ప్రాంతపు మెట్ట పొలాలకు సమీపంలోనే రెండు వన్యప్రాణి ఆవాసాలు ఉన్నాయి. ఒకటి, బట్టమేక పక్షి సంరక్షణ కోసం 1988లో ఏర్పాటైన రోళ్ళపాడు అభయారణ్యం. రెండవది నల్లమల అడవి. కృష్ణజింకలు లేత చేలను మేయడం, అడవిపందులు వేరుశనగను, మొక్కజొన్నను పాడుచేయడం ఇటువంటి ప్రాంతాల రైతులకు ఏటా ఎదురయ్యే నష్టం. ఉచ్చులోనో, కరెంటు తీగకో జంతువు చిక్కినప్పుడు “పంట పోతే పోయింది, కూరైనా దక్కింది” అనుకోవడం ఆ నష్టం నుంచి పుట్టిన ఆలోచనే. దీనికి విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సమాధానం “అది నేరం” అన్న ఒక్క మాటతో ఆగిపోరాదు. ఆ మాంసం వల్ల కలిగే ఆరోగ్య ప్రమాదాన్ని కూడా రైతుకు అర్థమయ్యేలా వివరించాలి.

ఈ మాంసం విషయంలో సాధారణంగా రెండు నమ్మకాలు కనిపిస్తాయి. అడవి జంతువు సహజమైన మేత తింటుంది కనుక దాని మాంసం స్వచ్ఛమైనదని మొదటి నమ్మకం. బాగా ఉడికిస్తే ఏ దోషమూ మిగలదని రెండవది. మొదటిది సరికాదు. రెండవది కొంతవరకే నిజం.

తనిఖీ లేని మాంసం

గుర్తింపు పొందిన కబేళాలో గొర్రెను లేదా మేకను కోయడానికి ముందు పశువైద్యుడు పరీక్షిస్తాడు. కోసిన తరువాత కాలేయం, ఊపిరితిత్తులు, గ్రంథులను చూస్తాడు. వేటాడిన జంతువుకు ఈ రెండు పరీక్షలూ ఉండవు. అది ఉచ్చులో ఎంతసేపు గింజుకుందో, ఎప్పుడు చనిపోయిందో, అంతకుముందే జబ్బుతో ఉందో తెలియదు. తేలికగా చిక్కిన జంతువు జబ్బుపడి నీరసించినది కూడా కావచ్చు. తూటా పేగులను చీల్చితే అందులోని సూక్ష్మజీవులు మాంసమంతటికీ అంటుకుంటాయి. ఎండ 40 డిగ్రీలు దాటే రాయలసీమ వేసవిలో రక్తం సరిగా కారిపోని కళేబరం కొద్ది గంటల్లోనే కుళ్ళడం మొదలవుతుంది.

పొయ్యి వెలిగించక ముందే

విస్తరణ సిబ్బంది ముఖ్యంగా గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. అనేక సందర్భాలలో తినేవారి కంటే ముందు కోసేవారికే ముప్పు వస్తుంది. బ్రూసెల్లా, లెప్టోస్పైరా వంటి సూక్ష్మజీవులు రక్తం, మూత్రం, అవయవాల ద్వారా చేతులపై ఉన్న చిన్న గాయాల నుంచి శరీరంలోకి ప్రవేశించగలవు. ఆ తరువాత ఎంతసేపు ఉడికించినా కోసినవారికి ప్రయోజనం ఉండదు.

దొమ్మవ్యాధి, అంటే ఆంత్రాక్స్, వీటిలో అత్యంత ప్రమాదకరమైనది. గొర్రెల పెంపకందారులకు ఈ పేరు కొత్త కాదు. కళేబరాన్ని కోసి గాలి తగలనిస్తే ఈ బాక్టీరియా సిద్ధబీజాలుగా మారుతుంది. అవి నేలలో దశాబ్దాల పాటు జీవించి ఉండగలవు. విశాఖ మన్యంలో చనిపోయిన పశువులను కోసి తిన్న గిరిజనులకు ఈ వ్యాధి సోకిన సంఘటనలు ఉన్నాయి. కేరళలోని అతిరప్పిళ్ళి అటవీ ప్రాంతంలో 2022 జూన్‌లో మరణించిన అడవిపందులలో ఆంత్రాక్స్ నిర్ధారణ అయింది. అందువల్ల ఇది కేవలం పశువుల, గొర్రెల వ్యాధి అనుకోవడానికి వీలు లేదు. హఠాత్తుగా చనిపోయి, పొట్ట ఉబ్బి, ముక్కు లేదా మలద్వారం నుంచి గడ్డకట్టని రక్తం కారుతున్న జంతువును ఎట్టి పరిస్థితిలోనూ కోయరాదు. కోసినవారి చర్మంపై నొప్పి లేని పుండు ఏర్పడి, మధ్యలో నల్లబడితే వెంటనే వైద్యుని వద్దకు పంపాలి.

వేడికి లొంగేవి

అడవిపంది కండరాలలో ట్రైకినెల్లా అనే సూక్ష్మమైన ఏలికపాము డింభకాలు ఉండవచ్చు. ఉత్తరాఖండ్‌లో అడవిపంది మాంసం తిన్నవారిలో ఈ వ్యాధి ప్రబలిన సందర్భాలు నమోదయ్యాయి. మొదట విరేచనాలు, కడుపునొప్పి వస్తాయి. తరువాతి వారాలలో జ్వరం, కనురెప్పల వాపు, తీవ్రమైన కండరాల నొప్పి కనిపిస్తాయి. మాంసం లోపలి భాగం 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే ఈ డింభకాలు నశిస్తాయి. నిప్పులపై పైపైన కాల్చడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టి వరుగులు చేయడం నమ్మదగిన పద్ధతులు కావు.

జపాన్‌లో పచ్చి జింక మాంసం తిన్నవారికి హెపటైటిస్-ఇ సోకినట్లు 2003లో వెల్లడైంది. వారు నిల్వ ఉంచిన మాంసంలోని వైరస్, రోగులలోని వైరస్ ఒకటేనని పరీక్షల్లో తేలింది. ఈ వైరస్ కూడా పూర్తిగా ఉడికిస్తే నశిస్తుంది.

వేడికి లొంగనివి

నాటు తుపాకిలో వాడే సీసపు గుళ్ళు శరీరంలో పగిలినప్పుడు కంటికి కనిపించని తునకలు గాయానికి దూరంగా కూడా వ్యాపిస్తాయి. వాటిని ఏరివేయడం సాధ్యం కాదు. ఉడికిస్తే సీసం పోదు. పైగా చింతపండు వంటి పులుపు సీసం కరగడానికి తోడ్పడుతుంది. శరీరంలో సీసానికి నిరపాయకరమైన స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంటున్నది. పిల్లల మెదడు ఎదుగుదలకు, గర్భస్థ శిశువుకు దీనివల్ల ఎక్కువ హాని జరుగుతుంది.

పురుగుమందు కలిపిన ఎరకు చనిపోయిన పంది, మందు పట్టించిన విత్తనాలు తిన్న కౌజుపిట్ట ఇదే కోవలోకి వస్తాయి. వండినంత మాత్రాన విషం పూర్తిగా విరిగిపోతుందన్న భరోసా లేదు. తిన్నవారికి నోటి వెంట చొంగ కారడం, వాంతులు, కంటిపాపలు కుంచించుకుపోవడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తరలించాలి.

చట్టం చెప్పేది

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం చంపడమే కాక ఉచ్చు పన్నడం, విషం పెట్టడం కూడా వేటే. కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. 2022 సవరణ తరువాత అడవిపంది రెండవ షెడ్యూలులో ఉంది. హానికర జంతువుగా ప్రకటించినది మినహా, వేటాడిన అడవి జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి అవుతాయి. అది ఎవరి చేతికైనా చిక్కితే 48 గంటలలోగా పోలీసు స్టేషనుకు గాని, అధీకృత అధికారికి గాని తెలియజేయాలి. పంటకు హాని చేస్తున్న అడవిపంది విషయంలో అధీకృత అధికారి లిఖితపూర్వకంగా అనుమతి ఇచ్చే వీలు చట్టంలో ఉంది. ఆ అనుమతి పంట రక్షణ కోసమే గాని మాంసం కోసం కాదు.

రైతుకు అందించవలసిన సలహా

చనిపోయిన అడవి జంతువు పొలంలో కనిపిస్తే ముట్టుకోరాదు, కోయరాదు, కుక్కలను దగ్గరకు రానీయరాదు. అటవీ శాఖకు, పశువైద్యునికి సమాచారం ఇవ్వాలి. పొరపాటున ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ తరువాత జ్వరం గాని, పుండు గాని వస్తే జంతువును తాకిన సంగతిని దాచకుండా వైద్యునికి చెప్పాలి. కేసు భయంతో ఈ సంగతి దాచడం వల్ల రోగనిర్ధారణ ఆలస్యమై ప్రాణాపాయం కలుగవచ్చు.

పంట నష్టానికి దారి చూపకుండా మాంసం తినవద్దని మాత్రమే చెబితే ఆ సలహా రైతు చెవికెక్కదు. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు వేయడం, నిబంధనల ప్రకారం సౌర కంచె ఏర్పాటు చేసుకోవడం, నష్టపరిహారానికి సకాలంలో దరఖాస్తు చేయడం వంటి మార్గాలను అదే సమావేశంలో వివరించాలి. పంటకు రక్షణ దొరికిన చోట ఉచ్చు అవసరం తగ్గుతుంది. తనిఖీ లేని మాంసం ఇంటికి చేరే సందర్భాలూ తగ్గుతాయి.