నల్లపట్టీ

కర్నూలు నుండి నంద్యాలకు వెళ్ళే మార్గంలో ఓర్వకల్లు వద్ద వింత ఆకృతుల శిలలు ప్రయాణికులను ఆకర్షిస్తాయి. గాలీ వానా యుగాల తరబడి మలచిన ఆ రూపాలు ఒక్కనాటివి కావు. ఆత్మరక్షణ విద్యలలో బ్లాక్ బెల్ట్, అనగా నల్లపట్టీ, కూడా అటువంటిదే. “అది ఎన్నాళ్ళకు వస్తుంది?” అన్నదే విద్యార్థుల తొలి ప్రశ్న.

1882లో జపాన్‌లో జూడోను నెలకొల్పిన జిగోరో కానో స్వయంగా విద్యావేత్త. ఆయన 1883లో ఇద్దరు శిష్యులకు తొలి ‘డాన్’ స్థాయిని ప్రదానం చేశాడు. నల్లపట్టీ ధరించే ఆచారం ఆపై కొన్నేళ్ళకు ఏర్పడింది. 1924లో ఫునకోషి గిచిన్ దానిని కరాటేలో ప్రవేశపెట్టాడు.

కరాటేలో తెల్లపట్టీతో ఆరంభించినవారు ‘క్యూ’ అనే మెట్లను ఒక్కొక్కటిగా ఎక్కాలి. మెట్టు మెట్టుకూ కొన్ని నెలల అభ్యాసం, ఒక పరీక్ష తప్పవు. వారానికి రెండు మూడు రోజులు శ్రద్ధగా సాధన చేసేవారికి సాధారణంగా 3 నుండి 5 సంవత్సరాలు పడుతుంది. బ్రెజిలియన్ జుజిత్సులో సుమారు 10 సంవత్సరాలు కావాలి. తైక్వాండోలో 15 ఏళ్ళు నిండని బాలలకు డాన్‌కు బదులుగా ‘పూమ్’ అనే స్థాయినిస్తారు.

రుసుము చెల్లించి త్వరపడి పొందిన పట్టీ నడుమును చుట్టుకొంటుందే కాని, ఆపదలో చేతిని కదిలించదు. నల్లపట్టీలో మొదటి స్థాయి పేరు ‘షోదాన్’. దాని అర్థం తొలి మెట్టు. ఓనమాలు ముగిశాయనడానికే అది గుర్తు. కావ్యపఠనం ఆ తరువాతే. ఓర్వకల్లు పొదుపు సంఘాల మహిళలు రూపాయి రూపాయి కూడబెట్టినట్లు, సాధకుడు దినదినం కూడబెట్టుకోవలసిన సంపద ఈ విద్య.