రెండవ ఇంజను దేనికి?

హెలికాప్టరు తెలుగువారికి క్రొత్త వస్తువు కాదు. గోదావరి పొంగి లంకలు మునిగినప్పుడు ఆకాశమునుండి ఆహారపు పొట్లములు జారవిడుచునది అదియే. ఎన్నికల దినములలో పొలములమీద దుమ్ము రేపుచు దిగునది అదియే. రాజమహేంద్రవరమునుండి బంగాళాఖాతములోని చమురు, సహజవాయు బావుల కడకు ఉద్యోగులను చేర్చునదియు అదియే. అది దిగినదన్నచో ఊరంతయు చూడబోవును. కాని దానికి రెండు ఇంజన్లు ఎందుకున్నవి, అందులో ఒకటి ఆగిపోయినచో ఏమగును అని అడిగిన, సమాధానము చెప్పగలవారు కొలదిమంది మాత్రమే. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ సంగతియే.

హెలికాప్టర్లలో చిన్నవి, పెద్దవి, మధ్యతరహావి కలవు. నలుగురైదుగురిని మోయు చిన్నవాటిలో పెక్కింటికి ఒకే ఇంజను. ప్రభుత్వములు, పోలీసు శాఖలు, వైద్య సహాయ సంస్థలు, చమురు సంస్థలు ఎక్కువగా కోరుకొనునది రెండు ఇంజన్లు గల మధ్యతరహా యంత్రము. ఈ తరగతికి మంచి ఉదాహరణము ఇటలీ దేశపు ఏ.డబ్ల్యు. 139. అది మొదటిసారి 2001 ఫిబ్రవరి 3వ తేదీన ఎగిరినది. ఇటలీలోని అగస్టా సంస్థయు, అమెరికాలోని బెల్ సంస్థయు కలిసి ఆ నిర్మాణమును ప్రారంభించినవి. తరువాత బెల్ తప్పుకొన్నది. ఇప్పుడు దానిని తయారుచేయునది లియొనార్డో సంస్థ. ఇంతవరకు వేయికి పైగా యంత్రములు తయారై అనేక దేశములకు చేరినవి. దాని శిరస్సున ఐదు రెక్కలు. పైలట్లు గాక 15 మంది వరకు కూర్చొనవచ్చును.  దాని గరిష్ఠ భారమును పిదప 7,000 కిలోగ్రాముల వరకు పెంచినారు. వేగము గంటకు సుమారు 300 కిలోమీటర్లు. ఆసనములు తీసివేసి రోగుల మంచములు అమర్చిన అదియే ఆసుపత్రి బండి. ప్రక్కన తాడుతో లాగు మరయంత్రమును బిగించిన అదియే సముద్రములో మునుగుచున్నవారిని పైకి తీయు సాధనము.

ఇక ఇంజన్ల సంగతి. రెండు ఇంజన్లు రెండు రెక్కల చక్రములను వేరువేరుగా త్రిప్పునని కొందరు తలంతురు. అట్లు కాదు. రెండింటి శక్తియు ఒకే పండ్లచక్రముల పెట్టెలోనికి చేరును. దానినే గేరుపెట్టె అందుము. ఇంజను నిమిషమునకు ఇరువది వేల చుట్లకు పైగా తిరుగును. పైనున్న రెక్కలకు కావలసినది నిమిషమునకు సుమారు మూడు వందల చుట్లు మాత్రమే. ఆ వేగమును తగ్గించి, ఆ మేరకు త్రిప్పు బలమును పెంచి రెక్కలకు అందించునది గేరుపెట్టె. ఒకే కాడికి కట్టిన రెండెద్దుల వలె ఇంజన్లు పనిచేయునని చెప్పవచ్చును. అయితే కాడి క్రింద ఒక ఎద్దు కూలబడినచో రెండవది కదలలేదు. ఇక్కడ ఆ చిక్కు లేదు. సైకిలు త్రొక్కుట మానినను చక్రము తిరుగుచునే యుండును గదా! దానికి కారణమైన ఫ్రీవీలు వంటి ఏర్పాటు ప్రతి ఇంజనుకును, గేరుపెట్టెకును నడుమ ఉన్నది. ఆగిన ఇంజను దానంతట అది విడిపోవును. మిగిలినది రెక్కలను త్రిప్పుచునే యుండును.

సగము శక్తి పోయిన పిదప అంత భారము గాలిలో ఎట్లు నిలుచును? ఇందులో ఒక చిత్రమున్నది. హెలికాప్టరునకు ఎక్కువ శక్తి కావలసినది వేగముగా పోవుటకు మాత్రమే కాదు, కదలక ఒకేచోట గాలిలో నిలిచి యుండుటకును. నిలిచియున్నప్పుడు రెక్కలు తాము క్రిందికి నెట్టిన గాలిలోనే మరల మరల పనిచేయవలసి వచ్చును. ముందునకు సాగినకొలది వాటికి క్రొత్త గాలి అందును, శ్రమ తగ్గును. గంటకు నూరు, నూటముప్పది కిలోమీటర్ల వేగమున శక్తి అవసరము మిక్కిలి తక్కువ. అంతకు మించిన మరల పెరుగును. కావున ఒక ఇంజనుతో గాలిలో కదలక నిలువలేని యంత్రము, అదే ఇంజనుతో ఆ నడిమి వేగమున సురక్షితముగా పోగలదు. పైగా, ఒకటి ఆగినప్పుడు రెండవది తన మామూలు శక్తికి మించి, రెండున్నర నిమిషముల వరకు పనిచేయునట్లు అనేక ఇంజన్లను నిర్మించుచున్నారు. ఆ కొద్దిసేపు పైలటునకు పెన్నిధి.

అందువలన అపాయమంతయు లేచునప్పుడు, దిగునప్పుడు ఉన్నది. అప్పుడు వేగము లేదు, ఎత్తు లేదు. ఈ కారణమున లేచుటలో ఒక నిర్ణయ స్థానమును ముందుగనే లెక్కగట్టి పెట్టుకొందురు. దానికి ముందు ఇంజను ఆగినచో బయలుదేరిన చోటనే తిరిగి దిగవలెను. దాటిన పిదప ఆగినచో మిగిలిన ఇంజనుతో ముందునకే సాగవలెను. మేడపైనుండియో, సముద్రములోని చమురు వేదిక పైనుండియో లేచునప్పుడు కొన్ని యంత్రములు కొంచెము వెనుకకు జరుగుచు పైకి లేచుట చూచియుందురు. అది పైలటు విలాసము కాదు. దిగవలసి వచ్చిన, దిగుచోటు కంటికి ఎదురుగా ఉండవలెనని ఆ ఏర్పాటు.

అయితే ఈ లెక్క అంతయు భారమును బట్టి యుండును. వేసవిలో గాలి పలుచబడును. ఇంజను శక్తియు, రెక్కల పట్టును తగ్గును. మాఘమాసపు ఉదయమున సులభముగా లేచిన భారము వైశాఖపు మధ్యాహ్నమున లేవదు. రెండు ఇంజన్లతో లేచినను, ఒక ఇంజనుతో నిలువలేదు. "ఖాళీ ఉన్నది గదా, ఇంకొక్కరు ఎక్కవచ్చును" అను మొగమాటము ఇచ్చట పనికిరాదు. ఆ ఒక్కరి బరువు రెండవ ఇంజనును లేనిదానినిగా చేయవచ్చును.

ఒకే ఇంజను గల హెలికాప్టరు ఇంజను ఆగిన వెంటనే రాయివలె పడునను భయమును నిజము కాదు. క్రిందికి దిగుచున్నప్పుడు ఎదురు వచ్చు గాలి రెక్కలను త్రిప్పుచునే యుండును. ఆ తిరుగుడుతో నేర్పరియైన పైలటు మెల్లగా దించగలడు. కాని క్రింద చదునైన బయలు ఉండవలెను. దట్టమైన అడవి, సముద్రము, ఇండ్లు క్రిక్కిరిసిన పట్టణము ఉన్నప్పుడు ఎక్కడ దించును? రెండవ ఇంజను విలువ ఆ చోటులలో తెలియును.

ఇంతవరకు రెండవ ఇంజను గొప్పతనమును చెప్పితిమి. అది చేయలేనిదేమో కూడ చెప్పకున్న మాట అసంపూర్ణమగును. ఇంజన్లు రెండైనను, గేరుపెట్టె ఒకటియే. రెక్కలను మోయు ఇరుసు ఒకటియే. 2009 మార్చి 12వ తేదీన కెనడా తూర్పు తీరమున 18 మందితో చమురు వేదికలకు బయలుదేరిన ఎస్. 92 అను రెండు ఇంజన్ల హెలికాప్టరులో, గేరుపెట్టె నూనె వడపోత భాగమును బిగించిన మరలు విరిగి నూనె అంతయు కారిపోయినది. ఇంజన్లు చక్కగా పనిచేయుచునే యున్నవి. తీరమువైపు మరలిరి గాని, కొలది నిమిషములకే పండ్లచక్రములు అరిగి యంత్రము సముద్రములో పడినది. ఒక్కరు మాత్రము బ్రతికిరి. 2016 ఏప్రిల్ 29వ తేదీన నార్వేలో సూపర్ ప్యూమా యంత్రమొకటి గేరుపెట్టెలోని ఒక చక్రము పగులువారి విరుగుటచేత, పైరెక్కలు పూర్తిగా ఊడిపోయి కూలినది. 13 మంది మరణించిరి.

మన రాష్ట్రమున జరిగిన దానిని మరువగలవారు లేరు. 2009 సెప్టెంబరు 2వ తేదీ ఉదయము ముఖ్యమంత్రి శ్రీ వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేటనుండి చిత్తూరు జిల్లాకు బయలుదేరిన బెల్ 430 కూడ రెండు ఇంజన్లదియే. నల్లమల మీద వర్షము, ఉరుముల మేఘములు ఉండెను. గేరుపెట్టె నూనె విషయమైన హెచ్చరికను గూర్చి పైలట్లు పుస్తకము చూచుచు పరిష్కారము వెదకుచుండగా యంత్రము ఆ మేఘములలో ప్రవేశించినదనియు, అందలి తీవ్రమైన క్రిందిగాలి వలన అదుపు తప్పి కొండపై కూలినదనియు విచారణ సంఘము తేల్చినది. అందున్న ఐదుగురును మరణించిరి. ఎన్ని ఇంజన్లున్నను ఆ గాలి ముందు నిలువవు. క్యుములోనింబస్ మేఘములో గాలి ఒకచోట వేగముగా పైకి లేచును, ఆ ప్రక్కనే అంత వేగముగా క్రిందికి పడును. మార్గము మార్చుటయో, వెనుకకు మరలుటయో తప్ప వేరు ఉపాయము లేదు.

కావున రెండవ ఇంజను ఇచ్చునది అభయము కాదు, కొంత వ్యవధి. ఆ వ్యవధిలో తిరిగి పోవుటయా, ఎక్కడనైన దిగుటయా అన్నది పైలటు నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమునకు స్వేచ్ఛనిచ్చువారు మాత్రము నేలమీద ఉన్నారు. సభకు వేళ మించుచున్నదని తొందరపెట్టు కార్యకర్తలు, ఖాళీ ఆసనములో ఇంకొకరిని కూర్చొనబెట్టగోరు అధికారులు, నాయకుని కొరకు ఎండలో వేచియున్న ప్రజలు - వీరందరి మాటయు పైలటు చెవిని పడుచునే యుండును. మేము ప్రతిదినము చదువు వాతావరణ సూచనలో "ఉరుములతో కూడిన జల్లులు" అను మాటలు మామూలుగా వినిపించును. కాని ఆ మాటలే ఒక ప్రయాణమును ఆపుటకు చాలిన కారణము. వాతావరణము బాగులేనందున ఫలానివారి పర్యటన వాయిదాపడినదని వార్తలలో మేము చెప్పినప్పుడు, శ్రోతలు విసుగుకొనక, ఎవరో ఒక పైలటు తన పని తాను సరిగా చేసినాడని భావింపవలెనని మా మనవి.